పసుపు, గిన్నె, బియ్యం, చేప: భార లోహాల లెక్కలో ముందు ఏది మార్చాలి?

అన్నంలో ఆర్సెనిక్, పసుపులో సీసం, చేపలో పాదరసం, ఆకుకూరలో కాడ్మియం. ఈ వరుస వింటే ఇక తినడానికి ఏం మిగిలిందనిపిస్తుంది. కానీ ఈ నాలుగూ ఒకే తరహా సమస్యలు కావు. పసుపులో సీసాన్ని మనుషులు కలుపుతారు, గిన్నెలో సీసం తయారీలో చేరుతుంది. సరుకు మారిస్తే ఈ రెండూ దాదాపు పూర్తిగా తప్పుతాయి. బియ్యంలోది నేల నుంచి, నీటి నుంచి వస్తుంది. దాన్ని సున్నా చేయలేం గానీ వండే తీరు మార్చి సగానికి దించవచ్చు. చేపల విషయం ఏ చేప కొంటున్నామన్న దాని మీదే ఆధారపడుతుంది. అందుకే పసుపు, గిన్నె ముందు. అన్నం వండే పద్ధతి తర్వాత. బియ్యం రకం మార్చడం ఆ తర్వాత. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది. ఖరీదైన ఆర్గానిక్ బియ్యం తెచ్చుకుని, సంతలో కొన్న విడి పసుపుతో, పేరూ ఊరూ లేని సత్తు (అల్యూమినియం) గిన్నెలో చింతపండు పులుసు కాస్తారు.

పసుపు: పొడా, కొమ్ములా, ప్యాకెట్టా?

పసుపులో సీసం రెండు దారుల్లో వస్తుంది. నేల నుంచి వచ్చేది కొద్దిగానే ఉంటుంది. అసలు ప్రమాదం లెడ్ క్రోమేట్. ఇది సీసం, క్రోమియం కలిసిన, పెయింట్లలో వాడే మెరిసే పసుపు రంగు. పాతబడి వన్నె తగ్గిన కొమ్ములకు నిగారింపు తేవడానికి పాలిష్ పట్టేటప్పుడు దీన్ని చల్లుతారు. బంగ్లాదేశ్‌లో ఈ అలవాటు 1980ల నాటి వరదల తర్వాత మొదలైందని పరిశోధకులు తేల్చారు. తడిసి నల్లబడిన పంటకు రంగు తేవడానికి మొదలుపెట్టి, ఆపై మానలేదు. 2019లో అక్కడి ఆహార భద్రతా సంస్థ వర్తకులపై దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా హెచ్చరికలు అంటించింది. మార్కెట్లలో సీసం కలిసిన పసుపు నమూనాలు 2019లో 47 శాతం ఉంటే 2021 నాటికి ఒక్కటీ దొరకలేదు. మన దేశంలో పాట్నాలో తీసుకున్న కొన్ని కొమ్ముల్లో కిలోకు 1000 మిల్లీగ్రాములకు మించి సీసం ఉన్నట్టు 2024లో అచ్చయిన అధ్యయనం చెప్పింది.

ఇక్కడ ఒక నమ్మకాన్ని సరిచేయాలి. 'కొమ్ములు కొని మర పట్టించుకుంటే కల్తీ ఉండదు' అని అందరూ అంటారు. మెటానిల్ యెల్లో లాంటి రంగులు, పిండి కల్తీ విషయంలో అది నిజమే. లెడ్ క్రోమేట్ విషయంలో కాదు. దాన్ని కొమ్ము పైపొరకే పట్టిస్తారు కాబట్టి ఆ కొమ్మును మర పట్టిస్తే విషమూ పొడిలోకే వస్తుంది. కాబట్టి చూడాల్సింది కొమ్మా పొడా అని కాదు, పాలిష్ పట్టిందా లేదా అని. నిజామాబాద్ వైపు గానీ దుగ్గిరాల వైపు గానీ తెలిసిన రైతు దగ్గర ఉడకబెట్టి ఎండబెట్టిన, పాలిష్ పట్టని కొమ్ములు దొరికితే అన్నిటికంటే అదే మేలు. చూడటానికి మట్టిరంగులో, ముడతలతో, గరుకుగా ఉంటాయి. వాటిని వద్దనుకునే కొనుగోలుదారు ఉన్నంత కాలం రంగు చల్లే వర్తకుడూ ఉంటాడు. పాలిష్ కొమ్ములే దొరికితే ఒకదాన్ని పొడి వేళ్లతో గట్టిగా రుద్దండి. వేళ్లకు చిక్కటి పసుపు పొడి అంటితే ఆ సరుకు వద్దు.

గాజు గ్లాసు నీళ్లలో కొమ్ము వేసి చూసే పరీక్షను మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెబుతుంది. రంగు చల్లిన కొమ్ము వెంటనే నీళ్లలో రంగు వదులుతుంది. ఇందులో తప్పిన సరుకును పారేయాల్సిందే. కానీ నెగ్గినంత మాత్రాన మంచిదని ధీమా పడకూడదు. కొద్ది మోతాదులో కలిపిన సీసాన్ని కన్ను పట్టుకోలేదు, ల్యాబ్ మాత్రమే పట్టుకుంటుంది. పొడి కొనక తప్పకపోతే బ్యాచ్ నంబరు, అగ్‌మార్క్ ఉన్న ప్యాకెట్ విడి పొడి కంటే నయం. ఏదైనా తేడా వస్తే ఆ సరుకు ఎక్కడిదో వెనక్కి వెతకడానికి ఆధారం ఉంటుంది.

అయినా మన ప్రమాణం మరీ వదులుగా ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పసుపులో కిలోకు 10 మిల్లీగ్రాముల సీసం వరకు అనుమతిస్తుంది. రోజుకు రెండు గ్రాముల పసుపు తినే మనిషికి ఆ లెక్కన 20 మైక్రోగ్రాములు చేరతాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భధారణ వయసు స్త్రీలకు మొత్తం ఆహారం నుంచి రోజుకు 8.8, పిల్లలకు 2.2 మైక్రోగ్రాములను గీటుగా పెట్టుకుంది. పాట్నా కొమ్ముల లాంటి సరుకైతే అదే రెండు గ్రాముల్లో 2000 మైక్రోగ్రాములు. పసుపుతో పోలిస్తే మిగతా వంటింట్లో ఏ లోహమూ ఇంత ఒక్కసారిగా రాదు. ఊరి నుంచి సూట్‌కేసులో పసుపు, కారం తీసుకెళ్లే ప్రవాసులకూ ఇది వర్తిస్తుంది. విదేశాల్లో కొని తెచ్చుకున్న మసాలాల్లో సీసం స్థానికంగా కొన్న వాటికంటే ఎక్కువగా ఉన్నట్టు న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ పరీక్షల్లో తేలింది.

పూజ పసుపును వంటకు వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు. హనుమంతుడికి పూసే నారింజ రంగు సింధూరం మాత్రం చాలాసార్లు సీసపు ఆక్సైడే. పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని అందని చోట పెట్టండి.

గిన్నె: స్టీలు, సత్తు, హిండాలియం, ఇత్తడి

పుల్లటి వంటకు, అంటే పులుసు, చారు, టమాటా పప్పు, పులిహోర పోపు, నిమ్మకాయ వేసే ఏదైనా సరే, స్టీలు గిన్నెకు సాటి లేదు. ఇనుప మూకుడూ మంచిదే. పులుపు తగిలితే రంగు మారుతుంది, కానీ వచ్చేది ఇనుమే.

సత్తు గిన్నెల్లో రెండు రకాలు. పేరున్న కంపెనీ, ఐఎస్‌ఐ ముద్ర ఉన్నవి ఒకటి. తుక్కు కరిగించి పోతపోసినవి ఇంకొకటి. ఆ తుక్కులో ఇంజన్ భాగాలు, రేడియేటర్లు, పాత వైర్లు ఏవైనా ఉండవచ్చు. అక్కడి నుంచే సీసం వస్తుంది. పులుపు, ఉప్పు, వేడి మూడూ కలిస్తే అది కూరలోకి దిగుతుంది. 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం రకాల దిగుమతి పాత్రల్లో కొన్ని సీసం వదులుతున్నాయని హెచ్చరించింది. హిండాలియం అన్నది అల్యూమినియం మిశ్రమ లోహాన్ని పిలిచే పేరు. ఒక గిన్నె బాగుందని ఇంకోటీ బాగుంటుందని చెప్పలేం. చూపుతోనో బరువుతోనో తేల్చుకోలేం కాబట్టి, తయారీదారు పేరు లేని సత్తు, హిండాలియం గిన్నెలను నీళ్లు కాచుకోవడానికి, ఇడ్లీ ఆవిరికి వాడినా పులుపుకు మాత్రం వాడకండి. పసిపిల్లల పాలు కాచడానికి అసలే వద్దు.

ఇత్తడి, కంచు గిన్నెలకు కళాయి పోయిస్తే మంచిదంటారు. కళాయి అంటే తగరం పూత. తగరం శుద్ధమైతే సమస్య లేదు. చవక కోసం సీసం కలిసిన టంకం కడ్డీ వాడితే మాత్రం కళాయే విషమవుతుంది. కళాయి పోసేవారిని ఏ కడ్డీ వాడుతున్నారని అడగండి, కుదిరితే తగరం మీరే కొనివ్వండి. తమిళనాడులోని తెలుగువాళ్లు చారుకు వాడే ఈయం చెంబుకూ ఇదే లెక్క. అసలుది తగరం. అదే పరిమాణంలో సీసం తగరం కంటే ఒకటిన్నర రెట్లు బరువుంటుంది, తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ లాంటి బూడిద గీత పడుతుంది. గీత పడితే ఆ చెంబుతో చారు కాయవద్దు.

మట్టి కుండ లోపల మెరుపు పూత లేకపోతే చాలు. రంగురంగుల పూత ఉండి ఎవరు చేశారో తెలియని పింగాణీ జాడీలో మాత్రం ఆవకాయ పెట్టకండి. ఏడాది పొడవునా పులుపూ ఉప్పూ ఆ పూతను తింటూ ఉంటాయి.

బియ్యం: రకం కంటే ఎసరు ముఖ్యం

వరి నిలవ నీటిలో పెరుగుతుంది. నీళ్లు నిలిచిన నేలలో గాలి ఉండదు, అప్పుడు ఇనుము ఆక్సైడ్లకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడివడి నీటిలో కలుస్తుంది. వరి వేర్లు సిలికాను పీల్చుకునే దారిలోనే దాన్నీ పీల్చుకుంటాయి. గోధుమ, జొన్న, రాగి ఇలా నీళ్లలో నిలబడవు కాబట్టి వాటిలో ఆర్సెనిక్ చాలా తక్కువ. కాడ్మియం కథ దీనికి సరిగ్గా ఎదురు. నిలవ నీటిలో అది గంధకంతో కలిసి గట్టిపడి వేర్లకు అందదు, నేల ఆరితే విడివడుతుంది. వరికి నీరు ఆరబెట్టి తడిపే సాగులో ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం కొంచెం పెరగవచ్చు. గోధుమ పండేదీ ఆరిన నేలలోనే, అందుకే 'అన్నం మానేసి చపాతీ' అన్నది పూర్తి పరిష్కారం కాదు. రెండూ మార్చి మార్చి తినడం మంచిది.

ఎంత తింటున్నామో ఒక లెక్క వేసుకుందాం. పాలిష్ బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ (దానిలో ఎక్కువ విషపూరితమైన రూపం) కిలోకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం. అందులో సగమే, అంటే 0.1 ఉందనుకున్నా, రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి 30 మైక్రోగ్రాములు చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. హద్దు మీద ఉన్న నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగినట్టే. రోజుకు రెండుసార్లు కాస్త కూరా పెరుగూ పోసుకుని కొండంత అన్నం తినే మన పద్ధతికి ఈ లెక్క, వారానికోసారి అన్నం తినే దేశాల లెక్క ఒకటి కావు.

రకాల విషయానికొస్తే, ఆర్సెనిక్ తవుడు పొరలో ఎక్కువ పేరుకుంటుంది. అందుకే కోడెక్స్ దంపుడు బియ్యానికి 0.35 వరకు అనుమతించింది. ఒకే రకం వడ్లలో తెల్ల బియ్యం కంటే దంపుడు బియ్యంలో సగటున 80 శాతం ఎక్కువ ఉన్నట్టు 2014లో అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ లెక్క తేల్చింది. అదే లెక్కలో భారత్, పాకిస్తాన్ బాస్మతిలో తక్కువ వచ్చింది. అమెరికాలో ఆర్కన్సా, లూసియానా, టెక్సాస్ బియ్యంలో ఎక్కువ వచ్చింది. అక్కడ ఒకప్పుడు పత్తి చేలల్లో ఆర్సెనిక్ మందులు కొట్టిన నేలలు ఉన్నాయి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండేవారు అక్కడి పొడుగు గింజ దంపుడు బియ్యానికి బదులు బాస్మతి కొనుక్కోవడం తేలికైన మార్పు.

షుగర్ ఉందని దంపుడు బియ్యానికి మారినవారు భయపడి వెనక్కి రానక్కర్లేదు. వారంలో మూడు రోజులు దంపుడు, మిగతా రోజులు జొన్నరొట్టె, కొర్రన్నం పెట్టుకోండి, దంపుడు బియ్యాన్ని కింద చెప్పినట్టు వార్చి వండండి. ఉప్పుడు బియ్యం మిల్లులో ఏ నీళ్లలో నానిందన్నది ముఖ్యం. ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్లలో నానబెడితే గింజలోకి అదీ ఎక్కుతుంది. అయితే ఎక్కువ నీళ్లలో వారిస్తే ఉప్పుడు బియ్యం నుంచీ అది బాగానే దిగుతుంది. ఆర్గానిక్ ముద్ర ఆర్సెనిక్‌ను ఆపదు. ఫాస్ఫేటు ఎరువు వాడని చోట కాడ్మియం కొంత తగ్గవచ్చు, అంతే.

ఇక వండే తీరు. అత్తెసరు పెడితే, కుక్కర్‌లో కొలిచి నీళ్లు పోస్తే, రైస్ కుక్కర్‌లో వండితే, బియ్యంలో ఉన్నది ఎక్కడికీ పోదు, మొత్తం అన్నంలోనే ఉంటుంది. కడగడం వల్ల పదో వంతు పోతే గొప్ప. అయినా రెండుసార్లు కడగాలి, దుమ్ముకైనా. గంజి వార్చడం మాత్రం నిజంగా పనిచేస్తుంది. గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల ఎసరు పెట్టి వారిస్తే అకర్బన ఆర్సెనిక్ దాదాపు సగం గంజితో పోతుంది. అమ్మమ్మల కాలపు పద్ధతే ఇది, అయితే వాళ్లు గంజి పారబోయలేదు, ఉప్పేసుకుని తాగారు. ఆర్సెనిక్ లెక్కలో ఆ గంజి తాగితే వార్చిన ఫలితం పోయినట్టే. పశువులకు పోసినా వాటికీ అంతే. మొక్కలకు పోయండి.

గంజితో బి విటమిన్లూ పోతాయి. ఆ నష్టాన్ని తగ్గించే మధ్యేమార్గాన్ని 2020లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లు ముందే తెర్లనివ్వాలి. కడిగిన బియ్యం అందులో వేసి సరిగ్గా ఐదు నిమిషాలు ఉడికించి, సిబ్బి మూసి నీళ్లన్నీ వార్చేయాలి. తర్వాత కొత్త నీళ్లు రెండు గ్లాసులు పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద నీరు ఇంకేదాకా వండాలి. ఈ పద్ధతిలో అకర్బన ఆర్సెనిక్ తెల్ల బియ్యంలో 73 శాతం, దంపుడులో 54 శాతం తగ్గింది. మన సోనా మసూరికి రెండు గ్లాసులు ఎక్కువే. ఐదు నిమిషాల్లో గింజ ఇప్పటికే నీళ్లు తాగి ఉంటుంది, కాబట్టి మామూలుగా పోసేదానికంటే అర గ్లాసు తగ్గించండి. కొత్త బియ్యమైతే నాలుగు నిమిషాలకే వార్చండి, లేకపోతే ముద్దవుతుంది. కుక్కర్‌లో అయితే వార్చిన బియ్యం కుక్కర్‌లో వేసి, ఒక్క విజిల్‌కే దించేయండి. ఎక్కువమంది చేసే తప్పు చన్నీళ్లలోనే బియ్యం వేసి పొయ్యి మీద పెట్టడం. కాగేసరికి గింజ మెత్తబడిపోతుంది, వార్చడానికి ఏం మిగలదు.

దీనికి ఒక షరతు ఉంది. ఎసటి నీళ్లు మంచివై ఉండాలి. ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్లు ఆరు గ్లాసులు పోస్తే బియ్యమే దాన్ని పీల్చుకుంటుంది. పశ్చిమ బెంగాల్లో జరుగుతున్నది అదే. తెలుగు నేల మీద భూగర్భ జలాల్లో పెద్ద సమస్య ఫ్లోరైడే గానీ, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఆర్సెనిక్ బయటపడింది. ఫ్యాక్టరీల పక్కన బోరు వాడేవారు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ ఆపదు, ఆర్వో బాగా తగ్గిస్తుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ దీన్ని చూపించలేదు. లీటరులో 300 మిల్లీగ్రాముల లవణాల మధ్య 0.01 మిల్లీగ్రాము కదిలినా ఆ అంకె కదలదు.

పసిపిల్లల ఉగ్గు విషయంలోనే కాస్త గట్టిగా చెప్పాలి. పన్నెండు కిలోల పిల్లవాడు వంద గ్రాముల బియ్యం తింటే, కిలో శరీర బరువుకు పెద్దవాళ్ల కంటే ఎక్కువ మోతాదు పడుతుంది. అందుకే ఎఫ్‌డీఏ పసిపిల్లల బియ్యపు ఆహారానికి కిలోకు 0.1 మిల్లీగ్రామునే హద్దు చేసింది. దంపుడు బియ్యంతో ఉగ్గు వద్దు. బియ్యం ఉగ్గు, రాగి జావ, పెసరకట్టు, సగ్గుబియ్యం రోజు మార్చి రోజు పెట్టండి. రాగిలోని కాల్షియం సీసం ఒంటబట్టకుండా కొంత అడ్డుకుంటుంది కూడా.

చేపలు, ఆకుకూరలు

పాదరసం చేప కండలోని ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది. కడిగినా, ఉప్పూ పసుపూ రాసినా, పులుసు పెట్టినా, వేపుడు చేసినా పోదు. పెద్ద చేప చిన్న చేపను తిన్నకొద్దీ పేరుకుంటుంది కాబట్టి ఎంపిక సూత్రం తేలికే. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, రొయ్యలు, చెరువు రకాలైన శీలావతి, బొచ్చె వారానికి రెండు మూడు సార్లు నిశ్చింతగా తినవచ్చు. పిల్లలకు, గర్భిణులకు సొర చేప (షార్క్) వద్దు. బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు పెట్టే ఇళ్లలో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. దాని బదులు నెత్తళ్ల పులుసు పెట్టవచ్చు. వంజరం, అమెరికాలో వదిలేయమని చెప్పే కింగ్ మ్యాకెరెల్, ఒకే కుటుంబం. గర్భిణులు పెద్ద వంజరం ముక్కలు మానడం మంచిది, మిగతావారు నెలకు ఒకటి రెండుసార్లు చాలనుకోండి.

ఆకుకూరల్లో పాలకూర, తోటకూర కాడ్మియాన్ని బాగా లాగుతాయి. మూసీ వెంట మురుగునీటితో పండేవి, హైవే పక్కన మళ్లలోవి మానండి. ఆకు మీది దుమ్మును రెండు మూడు నీళ్లలో ముంచి తీస్తే సీసం కొంత పోతుంది. ఆకు లోపలికి ఎక్కిన కాడ్మియం కడిగితే పోదు.

ఇనుము తక్కువైన ఒంటికి కాడ్మియం, సీసం రెండూ ఎక్కువ పడతాయి. పేగుల్లో వాటి దారి ఇనుము దారే. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. కాబట్టి హిమోగ్లోబిన్ సరిచేసుకోవడం పై మార్పులన్నిటితో సమానమైన పని.

పరీక్ష చేయించాలంటే

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు జాతీయ గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో, లోహాలను అతి సూక్ష్మంగా కొలిచే ఐసీపీ-ఎంఎస్ పద్ధతి అడగండి. పసుపుకు సీసం, క్రోమియం రెండూ చూడమనండి. రెండూ కలిసి పెరిగితే లెడ్ క్రోమేట్ అన్న అనుమానం బలపడుతుంది. బియ్యానికి మొత్తం ఆర్సెనిక్ అంకె చాలదు, అకర్బన ఆర్సెనిక్ విడిగా కావాలని చెప్పండి. బస్తా పైన, మధ్యలో, అడుగున తీసి కలిపిన అరకిలో నమూనా ఇవ్వండి. పైపైన గుప్పెడు తీసి ఇస్తే వచ్చే అంకె ఆ గుప్పెడిదే. ఇంట్లో పిల్లల గురించి అనుమానం ఉంటే సరుకు కంటే ముందు రక్తంలో సీసం చూపించండి. వేలి చుక్క కాకుండా నరం నుంచి తీసిన రక్తం ఇవ్వాలి, వేలికి అంటిన పసుపే అంకెను పెంచేయగలదు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి వస్తుందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వెతకడం మొదలుపెట్టాల్సింది పసుపు డబ్బా నుంచి, పులుసు గిన్నె నుంచి.